రెండో పంక్తికి వడ్డన

కోడలు కుక్కర్లో మట్టి ఉడకబెడుతోందన్న కబురు వీధి ఆ చివరికి చేరడానికి మొదటి విజిల్ దాకా కూడా ఆగలేదు. పాలు పోసేవాడు గుమ్మంలోనే నిలబడి ముక్కు ఎగబీల్చాడు.

"ఏం పెద్దమ్మా, ఇవాళ మీ ఇంట్లో మట్టేనా వంట?"

"నీకూ ఓ గిన్నె తీసి ఉంచాలా? నువ్వు పోసే పాలతో కలిపితే పాలే కాస్త చిక్కబడతాయి," అంది పెద్దమ్మ.

పెద్దమ్మ అన్నది ఆవిడ పేరు కాదు. ఊళ్లో ఆడపిల్లల హాస్టల్లో గరిటె పట్టిన నాటినుంచీ పిల్లలు పిలిచిన పిలుపు. ఆ పిల్లలకి పిల్లలు పుట్టి, వాళ్లూ వచ్చి అదే హాస్టల్లో అదే బల్లల ముందు కూర్చుని అదే పిలుపు పిలిచారు. ఈమధ్యే మోకాళ్లు మొరాయించి గరిటె దించి ఇంటిపట్టున ఉంటోంది. అయితే గరిటె చేతిని వదిలింది కానీ బుద్ధిని వదల్లేదు. వంటగదిలో ఆవిడ చట్టం ఒక్కటే: పంక్తిలో వలపక్షం పనికిరాదు. మొదటి వరుసకి పడిన ముక్క ఆఖరి వరుసకీ పడాలి. అధికారి కూతురైనా, ఆయా కూతురైనా గరిటె ఒక్కటే. ఒకసారి తనిఖీకి వచ్చినావిడ తన మేనకోడలికి ఇంకో ముక్క వెయ్యమని కన్ను గీటితే, పెద్దమ్మ ఆ ముక్కని గీటిన ఆవిడ పళ్లెంలోనే వేసి, "మీరే పెట్టుకోండి, మీ ఇంటిపిల్ల కదా," అంది. ఆ తనిఖీ అధికారి మళ్లీ భోజనాల వేళకి రాలేదు.

అలాంటి మనిషికి మట్టి పాఠాలు చెప్పే కోడలు దొరికింది. కోడలు వ్యవసాయ కళాశాలలో ఉద్యోగం చేస్తుంది. అక్కడ మొక్కలు పెంచే గాజుగదికి గాలివానలో పైకప్పు లేచిపోయింది. బాగుచేయించడానికి పంపిన ఫైలు ఏ బల్ల మీద నిద్రపోతోందో ఎవరికీ తెలీదు. అందుకని కుండీలన్నీ ఇంటి డాబా మీదికి, మట్టి వంటింట్లోకి వచ్చాయి. ముందురోజు, కొత్త కుక్కర్ కొనేదాకా పాతది ఇవ్వనని అత్త, ఇచ్చేదాకా పొయ్యి దగ్గర్నుంచి లేవనని కోడలు బిగుసుకు కూర్చున్నారు. కరెంటు పని చేసే కొడుకు మధ్యలో దూరితే ఎవరో ఒకరి షాక్ తప్పదని తెలిసినవాడు కనక, సాయంత్రానికల్లా చప్పుడు చెయ్యకుండా కొత్త కుక్కర్ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఇంతకీ ఈ మట్టివంటకి కారణం పెద్దమ్మ తమ్ముడి గొర్రెలు.

ఊరవతల కొండవాలు ఉంది. చెట్టూ చేమా లేని ఉత్త గడ్డి వాలు. తమ్ముడు, అతనితో పాటు మరికొందరు, తాతలనాటినుంచీ గొర్రెల్ని మేపుకునేది అక్కడే. వాలు కింద రోడ్డు. రోడ్డు పక్కన ఎప్పుడో కలప కోసమని ఎక్కణ్ణుంచో తెచ్చి నాటిన సూదాకు చెట్ల వరసలు. ఆకులు సూదుల్లా ఉంటాయి కనక అందరూ అలాగే పిలుస్తారు. ఇప్పుడు రోడ్డు వెడల్పు చేస్తున్నారు. ఒక వరస చెట్లు కొట్టేసి, వాటి కింద పేరుకున్న నల్లటి మెత్తటి మట్టిని ఎత్తి, "బోసిగా పడున్న ఆ వాలు మీద పోయిద్దాం, పచ్చబడుతుంది," అన్నాడు రోడ్ల ఇంజనీరు. మంచి ఉద్దేశంతోనే అన్నాడు. తమ్ముడైతే మీసం మీద చెయ్యేసుకున్నాడు, ఊరికే వచ్చే మన్ను ఎవరికి చేదు?

వద్దన్నది కోడలొక్కతే.

ఆ వేళ వంటింటి గుమ్మంలో కూర్చుని టీ తాగుతూ తమ్ముడు ఆ సంగతే ఎత్తాడు.

"అమ్మాయ్, నువ్వు చదువుకున్నదానివి, కాదనను. కానీ మన్ను వద్దనే చదువు నేనెక్కడా వినలేదు. గింజలుంటాయని భయమా? ఇంజనీరు జల్లెడ పట్టిస్తానన్నాడు."

"గింజలతో గొడవ లేదు బాబాయ్. గింజలు ఏటా గాలికి ఎగిరొచ్చి నీ వాలు మీద పడుతూనే ఉన్నాయి కదా?"

"పడతాయి. మొలుస్తాయి కూడా. జానెడు లేవకుండానే పచ్చకామెర్లు పట్టినట్టై చస్తాయి."

"ఎందుకు చస్తున్నాయనుకున్నావు?"

"మా గొర్రెల్ని చూసి బెదిరిపోతున్నాయేమో అనుకున్నా."

కోడలు నవ్వి, కుక్కర్ కింద మంట తగ్గించి చెప్పుకొచ్చింది. ఏ చెట్టూ ఒంటరిగా కాపురం చెయ్యదట. వేళ్లని ఒక బూజు పట్టుకుని ఉంటుందట. కంటికి ఆనీ ఆనని దారాల్లా అది మట్టంతా పాకి, వేరు చేరలేని సందుల్లోంచి కూడా నీళ్లూ సారమూ పట్టుకొచ్చి చెట్టుకి పెడుతుందట. చెట్టేమో ఎండలో ఆకులు వండిన తీపిలో దానికి వాటా పెడుతుందట.

"వానలకి ఆ చెట్ల కింద గోధుమరంగు పుట్టగొడుగులు లేస్తాయి చూడు, అవి ఆ బూజు కాసే కాయలే."

"ఇచ్చి పుచ్చుకోవడాలన్నమాట. వియ్యాలవారిలాగా," అన్నాడు తమ్ముడు.

"వియ్యాలవారైతే పుచ్చుకోవడమే కానీ ఇవ్వడమెక్కడ?" అంది పెద్దమ్మ.

"మరి మన గడ్డికి లేదా ఆ బూజు?"

"గడ్డి బూజు వేరు బాబాయ్. అది ఈ చెట్టుకి వండిపెట్టలేదు. సూదాకు చెట్టుకి దాని వంటమనిషి దానికుండాలి. వాలు మీద ఆ వంటమనిషి లేదు. అందుకే వచ్చిన గింజ వచ్చినట్టు ఆకలితో పోతోంది. ఇప్పుడు ఇంజనీరు గారు ఆ చెట్ల కింది మట్టి తెచ్చి పోస్తే..."

"వంటమనిషిని లారీ ఎక్కించి తెచ్చినట్టు," అని పూర్తిచేసింది పెద్దమ్మ. వంట సంగతి కనక ఆవిడకి ఇట్టే అందింది.

తమ్ముడి చేతిలో టీ చల్లారిపోయింది. అవతలి కొండ అతని కళ్లముందు కదిలింది. అక్కడా ఒకప్పుడు గడ్డే. ఇప్పుడు కొండంతా సూదాకులే. కింద నిలబడితే నీడ తప్ప, గొర్రె నమలడానికి ఒక్క పరక ఉండదు. అక్కడ మేపుకునేవాళ్లు మందలమ్ముకుని గోదాముల్లో మూటలు మోస్తున్నారు.

"అమ్మాయ్, ఆ మన్ను ఆపించు," అన్నాడు తమ్ముడు. ఇంజనీరు మాటకి లేచిన మీసం కాస్తా కిందికి జారింది.

ఆపించడం మాటల్లో పని కాదు. ఇంజనీరు చెడ్డవాడు కాదు, కానీ కళ్లతో చూస్తే తప్ప ఒప్పుకోని మనిషి. "వానలు వెనకపట్టేదాకా లారీలు వాలెక్కవు మేడం. ఆలోగా నాకు చూపించండి. మట్టిలో ఏదో ఉందని కంటికి కనబడితే సరే అంటాను. కాగితాలు మాత్రం చూపించకండి, మీకంటే ఎక్కువ కాగితాలు నా దగ్గరే ఉన్నాయి," అని అంతకుముందే తేల్చి చెప్పాడు.

అందుకే ఆ కుండీలు. డాబా మీద రెండు పంక్తులు తీర్చింది కోడలు. అన్నింట్లోనూ వాలు మట్టే, అదీ ఉడికించి చల్లార్చింది. అన్నింట్లోనూ సూదాకు గింజలే. మొదటి పంక్తికి మాత్రం చెట్ల కింది మట్టి పచ్చిది ఒక గరిటెడు కలిపింది. రెండో పంక్తికి అదే మట్టి, అదే గరిటెడు, కుక్కర్లో ఉడికించి, లోపలున్న బూజు చచ్చాక కలిపింది. ఏది ఏదో తెలియడానికి ఒక్కో కుండీలో అంచు దగ్గర ఒక్కో పుల్ల గుచ్చింది. ఒక వరస పుల్లల మీద 'పచ్చి' అనీ, రెండో వరస పుల్లల మీద 'ఉడికింది' అనీ రాసింది.

మొలకలు లేచాయి. వానలు మొదలయ్యే వేళకి రెండో పంక్తి కాస్త వెనకబడినట్టు కనబడుతోందనగా, వేరే ఊళ్లో శిక్షణ ఉందని కళాశాల కోడల్ని వానాకాలమంతా పంపించేసింది. వెళ్తూ వెళ్తూ ఆవిడ అత్తగారికి వేలు చూపించి మరీ చెప్పింది.

"అత్తయ్యా, రెండు వరసలకీ నీళ్లు సమానంగా పోస్తే చాలు. ఎరువు వెయ్యకండి. బియ్యం కడిగిన నీళ్లు పొయ్యకండి. గుడ్డు పెంకులూ తొక్కలూ వెయ్యకండి. మీ చెయ్యి నాకు తెలుసు."

"నా చేతికేం, బంగారంలాంటి చెయ్యి," అంది పెద్దమ్మ.

నిజానికి ఆవిడ మాట తప్పే మనిషి కాదు. వాన పడని రోజల్లా కొలిచి నీళ్లు పోసేది. ఎరువు వెయ్యలేదు. కడుగునీళ్లు పక్కింటివాళ్ల గులాబీకి పోసేసేది. కానీ వానలు ముదిరేకొద్దీ డాబా ఎక్కడం ఆవిడకి శిక్షైపోయింది. మొదటి పంక్తి మొక్కలు పొట్టపగలా తిన్న పిల్లల్లా ముదురాకుపచ్చగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉన్నాయి. రెండో పంక్తి మొక్కలు అలా పెరిగీ పెరగక, సూదులు పసుపెక్కి, కొన్ని చలికి కమిలిన పెదవుల్లా ఊదారంగు తిరిగి, తలలు వాల్చుకుని చూస్తున్నాయి. చూస్తున్నాయంటే మొక్కలు చూస్తాయా అనకండి. పంక్తిలో కూర్చుని పళ్లెం ఖాళీగా ఉన్నవాళ్ల చూపు ఎలా ఉంటుందో సగం జీవితం చూసినావిడకి తెలుసు.

పుల్లల మీద రాత చదివితే ఆవిడకి ఇంకా మండేది. పచ్చిది తిన్నవి బలిశాయి, ఉడికింది తిన్నవి ఎండాయి. వంటమనిషి పరువు తీసే రాత!

"సరే, తెలిసింది కదా," అని తనతో తనే వాదించుకుంది ఓ పూట, నీళ్ల చెంబు పట్టుకుని. "బూజు లేకపోతే ఎండుతాయని కోడలంది, ఎండాయి. నేను చూశాను. వెళ్లేముందు తనూ కాస్త చూసింది. పరీక్ష అయిపోయినట్టే కదా. పరీక్ష అయిపోయాక కూడా పిల్లల్ని పస్తులుంచే బడి ఎక్కడైనా ఉందా?"

వాదించేవాళ్లూ తీర్పు చెప్పేవాళ్లూ ఒకరే అయితే కేసు ఎంతసేపు నడుస్తుంది? కిందికి వెళ్లి చెంచా తెచ్చింది. బయటిది ఏదీ పెట్టొద్దని కదా కోడలు అంది, బయటిది ఎందుకు? మొదటి పంక్తిలోంచే చెంచాడు చెంచాడు మట్టి తీసి రెండో పంక్తికి వడ్డించింది. ఉన్నవాళ్ల పళ్లెంలోంచి లేనివాళ్ల పళ్లెంలోకి. ఆ వేళ కిందికి దిగి కడుపునిండా తిని హాయిగా కునుకు తీసింది.

ఫోన్లో కోడలు అడిగినప్పుడల్లా, "బాగున్నాయమ్మాయ్, నేను చూసుకుంటున్నాగా," అని నిజమే చెప్పింది. కోడలు దాన్ని మర్యాద మాట అనుకుంది. ఫొటో తీసి పంపమంటే కొడుకు ఇవాళా రేపూ అంటూనే వానాకాలం దాటించేశాడు.

కోడలు తిరిగొచ్చిన సాయంత్రం వాన లేదు. డాబా కడిగినట్టుంది. భుజానికున్న సంచీ దించకుండానే మెట్లెక్కింది. వెనకే పెద్దమ్మ, పంటినొప్పిని దాచుకున్నదానిలా నవ్వు బిగబట్టుకుని, మోకాలు పట్టుకుని ఎక్కింది. అక్కని చూసిపోదామని వచ్చిన తమ్ముడు ఆ వెనకెక్కాడు.

రెండు పంక్తులూ పచ్చగా ఉన్నాయి. రెండోది కాస్త పొట్టి, అంతే. కొత్త సూదులు లేతగా నిగనిగలాడుతున్నాయి.

కోడలు ఒక్కో పుల్లా చదువుకుంటూ ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్లింది. నీళ్ల ట్యాంకు దిమ్మ మీద కూర్చుంది. పెద్దమ్మ మెప్పు కోసం ఎదురుచూస్తూ పమిట సర్దుకుంది.

"నాదే తప్పు, బాబాయ్," అంది కోడలు. "మట్టిలో ఏమీ లేదు. ఉడికించినా ఉడికించకపోయినా ఒక్కటే. రేపు ఇంజనీరు గారొస్తున్నారు. పోసుకోమని చెప్పేస్తాను."

"పోసుకోమనడమేంటమ్మాయ్? అవతలి కొండ..."

"అది వేరే ఎందుకో అయ్యుంటుంది. నేననుకున్నదే నిజం కావాలని మట్టికి పట్టదు కదా. లేనిది ఉందని చెప్పలేను."

పెద్దమ్మకి ఈ సంభాషణ దారి ఎటు పోతోందో అర్థం కాలేదు. "అదేంటి, అవి వాటంతటవే కోలుకున్నాయనుకుంటున్నావా? నేను పెట్టబట్టి!"

"ఏం పెట్టారు?"

"అన్నమా పెడతాను? ఆ పంక్తిలోది తీసి ఈ పంక్తికి పెట్టాను. తలా చెంచాడు."

కోడలి భుజం మీంచి సంచీ కిందికి జారింది.

"అత్తయ్యా! ఏమీ పెట్టొద్దని చెప్పానా లేదా?"

"ఎరువు వద్దన్నావు, వెయ్యలేదు. కడుగునీళ్లు వద్దన్నావు, పొయ్యలేదు. పెంకులు వద్దన్నావు, వెయ్యలేదు. పక్కవాడి పళ్లెంలోంచి తీసి పెట్టొద్దని అన్నావా? చెప్పు. అన్నావా?"

"అదే కదత్తయ్యా పరీక్ష! ఆ రెండో పంక్తి అలా ఆకలితో ఉంటేనే కదా, ఇంజనీరు గారు చూసి నమ్మేది!"

"ఓహో," అన్నాడు తమ్ముడు. "ఒకరి చదువూ ఒకరి దయా కలిసి నా గొర్రెల నోట్లో మన్ను కొడుతున్నాయన్నమాట."

ఆ మాట పెద్దమ్మకి తగిలింది. కోడలి కోపానికి ఆవిడ వెరవదు, జవాబు సిద్ధంగానే ఉంటుంది. కానీ తమ్ముడి మొహం చూసి పమిట చెంగు వేలికి చుట్టుకుంది. ఈ రెండో పంక్తికి పెట్టిన చెంచాడు మట్టికి బదులుగా, వాలు మీద మంద మందంతా మేత లేని పంక్తిలో కూర్చోబోతోంది. పంక్తి అంటే కళ్లముందున్నంత వరకే అనుకుంది ఆవిడ. దాని కొస ఎక్కడో కొండమీదికి పోయిందని తట్టలేదు.

"నేను చెప్తాను ఇంజనీరుకి," అంది, గొంతు కాస్త తగ్గించి. "వడ్డించింది నేను. సాక్ష్యమూ నేనే."

"మా అత్తగారు నాకు అనుకూలంగా చెప్పారంటాడాయన." కోడలు నుదురు రుద్దుకుంది. రుద్దుకుంటూ రుద్దుకుంటూ ఆగింది. "కుండీలో ఎక్కడ పెట్టారు?"

"ఎక్కడేంటి, పుల్ల మొదట్లో. మధ్యలో గుచ్చితే మొక్క కదులుతుందని."

"అన్నిటికీ అక్కడేనా?"

"ఒకడికి కుడిపక్కా ఇంకొకడికి ఎడమపక్కా వడ్డిస్తానా? అన్నిటికీ పుల్ల మొదట్లోనే. వలపక్షమేం లేదు."

కోడలు లేచి ఒక కుండీ చేతిలోకి తీసుకుంది. ఇటూ అటూ తిప్పి చూసి, మళ్లీ దాని చోట్లో పెట్టేసింది. "మీ చెంచాలో మట్టే వీటిని బతికించి ఉంటే, బూజు పుల్ల పక్కనున్న వేళ్లని ముందు పట్టుకుని ఉంటుంది. అవతలి పక్కకి ఇంకా చేరి ఉండదు. చేరినా అంతంతమాత్రమే."

"అయితే విప్పు, చూద్దాం!"

"ఇప్పుడు కాదు. ముందే విప్పి చూసుకుని, మనకి కలిసొచ్చినవి చూపించామంటారు. ఆయన ఎదుటే విప్పుదాం. ఆయన చెయ్యి పెట్టిన కుండీనే."

"లేకపోతే?" అన్నాడు తమ్ముడు.

"లేకపోతే లేదు, బాబాయ్."

"అన్నంలో రాయుందో లేదో చుట్టం పంటికింద పడ్డాకే చూద్దామంటావు," అంది పెద్దమ్మ. కానీ కోడలి వైపు చూసిన చూపులో కాస్త గౌరవం కూడా కలిసింది. ముందే రుచి చూడని వంట ఆవిడ జన్మలో వడ్డించలేదు. ఆ ధైర్యం ఆవిడకి లేదు.

మర్నాడు ఇంజనీరు చెప్పిన వేళకే వచ్చాడు. డాబా ఎక్కి రెండు పంక్తులూ చూసి, మర్యాదగా నవ్వు దాచుకున్నాడు.

"రెండూ బాగున్నాయే, మేడం."

కోడలు నోరు తెరిచేలోగా పెద్దమ్మ ముందుకొచ్చింది. ఉన్నదున్నట్టు చెప్పింది. పస్తులుంచలేకపోయానంది, ఎక్కడ తీసిందో ఎక్కడ పెట్టిందో చెప్పింది. ఇంజనీరు నవ్వు దాచుకోవడం మానేశాడు.

"అంటే పరీక్షలో కాపీ జరిగిందన్నమాట."

"జరిగింది," అంది కోడలు. "అందుకే ఈ వరస చూసి నమ్మమని అడగను. వేళ్లు చూడండి. మీకు నచ్చిన కుండీ మీరే తియ్యండి."

పాత పేపరు పరిచారు. ఇంజనీరు రెండో పంక్తి మధ్యలోంచి ఒకటి తీసిచ్చాడు. కోడలు పుల్లని కదలనివ్వకుండా కుండీని బోర్లించి, అడుగున ఒక్క తట్టు తట్టింది. మట్టి ముద్ద ముద్దలాగే ఊడి చేతిలోకొచ్చింది. నీళ్ల గిన్నెలో మెల్లగా ముంచి, పైమట్టి కరగనిచ్చి, పైకెత్తింది.

పుల్ల ఉన్న వైపు వేళ్ల కొనలు పిట్టకాళ్లలా చీలి చీలి ఉన్నాయి. ప్రతి కొనకీ దూది తొడుగు తొడిగినట్టు తెల్లగా ఏదో అంటుకుని ఉంది. దానిలోంచి సన్నటి దారాలు మట్టిలోకి సాగి ఉన్నాయి. అవతలి వైపు వేళ్లు వట్టివి. గోధుమరంగులో, అరిగిన బ్రష్షు కుచ్చులా ఉన్నాయి.

పెద్దమ్మ ఊపిరి అప్పుడు వదిలింది. తమ్ముడు తలపాగా తీసి మళ్లీ చుట్టుకున్నాడు.

ఇంజనీరు మోకాళ్ల మీద కూర్చున్నాడు. కళ్లజోడు తుడుచుకున్నాడు. "ఇంకోటి," అన్నాడు. ఈసారి చివర్నుంచి తీశాడు. అదీ అంతే. మరొకటి. అందులో తెలుపు తక్కువ, కానీ ఉన్నదంతా పుల్ల పక్కనే. ఆ తర్వాత మూలనున్న చిన్న కుండీ ఒకటి తీశాడు. దాన్ని ముంచి ఎత్తితే, చుట్టూతా తెలుపే. ఈ పక్కా ఆ పక్కా తేడా లేదు.

"ఇదేంటి మేడం? దీని లెక్క వేరేగా ఉందే?"

కోడలు కూడా తెల్లబోయింది. వేళ్లు తిప్పి తిప్పి చూసింది. పెద్దమ్మ ఆకాశంలో కాకుల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"అత్తయ్యా?"

"ఏం?"

"దీనికెక్కడ పెట్టారు?"

"పుల్ల మొదట్లోనే." ఇంకో కాకిని లెక్కపెట్టింది. "తర్వాత ఇంకో రెండు మూడుచోట్ల. అన్నిట్లోకీ చిన్నదే, పాపం, బొత్తిగా లేవలేకపోతుంటేనూ..."

"వలపక్షమేం లేదన్నావుగా అక్కా!" తమ్ముడు పొట్ట పట్టుకున్నాడు. "ఊరందరికీ నీతులు చెప్పి!"

"బక్కప్రాణానికి ఇంకో ముద్ద పెట్టడం వలపక్షం కాదురా. అదేదో నీకు తెలీదు, నువ్వు పుట్టినప్పటినుంచీ లావే."

ఇంజనీరు కూడా పెద్దగా నవ్వేశాడు. నవ్వు సర్దుకున్నాక ఆ వేళ్లని చేతిలోకి తీసుకుని ఎండకి పట్టుకు చూశాడు.

"అమ్మగారూ, మీ చెంచా ఎంతుంటుంది?"

పెద్దమ్మ కిందికి దిగి తెచ్చి చూపించింది. టీలో చక్కెర కలుపుకునే చెంచా.

"దీంతోనే ఇంత పని చేస్తే," అన్నాడు ఇంజనీరు, "నేను లారీలతో పోయించేవాణ్ణి." కానీ పట్టు అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. "ఒక్క మాట మేడం. ఇప్పుడు నేను పొయ్యకపోయినా, ఈ బూజు గాలికి కొట్టుకొచ్చి ఎప్పుడో ఒకప్పుడు వాలెక్కదా?"

"ఎక్కచ్చు. పుట్టగొడుగుల పొడి గాలికి ఎగురుతుంది, జంతువుల కాళ్లకీ అంటుకుంటుంది. అసలు రాదని నేను చెప్పను. కానీ మెల్లిగా, ఇక్కడొకటి అక్కడొకటి వస్తుంది. అలా వచ్చిన మొక్కని పీకెయ్యచ్చు. మనమే పిలిచి పీట వేసి కూర్చోబెడితే ఇంక లేవదీసేదెవరు?"

ఇంజనీరు కాసేపు డాబా గోడ దగ్గర నిలబడి, దూరంగా మేఘాల కింద కనబడుతున్న వాలు వైపు చూశాడు. తమ్ముడూ అటే చూశాడు.

"అయినా ఆ చివరి మలుపు ఎక్కడానికి మా డ్రైవర్లు మొదట్నుంచీ సణుగుతూనే ఉన్నారు," అన్నాడు చివరికి. "సూదాకు చెట్ల వెనకే, రోడ్డుకి అవతల గుంటలున్నాయి. ఆ మట్టి అక్కడే పోయిస్తాను. ఎక్కడిది అక్కడే ఉంటుంది. మీరు చెప్పారని కాదు, దగ్గరని."

"దగ్గరనే అనుకోండి బాబూ. గొర్రెలు ఏమీ అనుకోవు," అంది పెద్దమ్మ.

ఆయన వెళ్లాక కోడలు కుండీలన్నిటినీ ఒక పక్కకి చేర్చడం మొదలుపెట్టింది. మొక్కలు ఎండబెట్టి కాల్చెయ్యాలి, మట్టంతా మళ్లీ ఉడికించాలి. ఒక్క చెంచాడు కూడా బయటికి పోకూడదు. ఎంత పని చేస్తుందో ఇప్పుడే కదా చూసింది.

"మూలనున్న ఆ చిన్నదాన్ని కూడానా?" అంది పెద్దమ్మ.

"అన్నిట్నీ, అత్తయ్యా. వలపక్షం లేకుండా."

పెద్దమ్మ ఆ పని చూడలేక తమ్ముడితో వాలుకి బయల్దేరింది. "పొద్దుగూకేలోగా వస్తాను, రాత్రికి వంట నువ్వే," అంది మెట్లు దిగుతూ. "మట్టి కుక్కర్లో కాదు."

"మీరొచ్చి రుచి చూసేదాకా వడ్డించన్లెండి," అంది కోడలు పైనుంచి.

వాలు మీద గడ్డి వానలకి పిక్కల దాకా లేచి ఉంది. గొర్రెలు తలలు దించుకుని ఆబగా మేస్తున్నాయి. ఆ కొరుకుడు చప్పుడు వింటే పెద్దమ్మకి హాస్టల్లో గంట కొట్టాక మొదటి అయిదు నిమిషాలు గుర్తొచ్చాయి. మాటల్లేవు, తిండి చప్పుడే. వంటచేసినవాళ్లకి అంతకంటే మంచి సంగీతం ఉండదు. తమ్ముడు ఎండకి కాళ్లు చాపుకుని బండ మీద వాలాడు. ఆవిడ మోకాలు సడలించుకోవడానికి అటూ ఇటూ నడిచింది.

రెండు బండల సందున కనబడిందది. సూదాకు మొలక. గాలికి కొట్టుకొచ్చిన గింజ అయ్యుంటుంది. వేలెడు పొడుగు. సూదులు పసుపెక్కి, కొసలు ఊదారంగు తిరిగి, తల వాల్చుకుని ఉంది. ఆ చూపు ఆవిడకి బాగా తెలుసు.

పక్కనే చతికిలబడింది. చెయ్యి తనంతట తనే మట్టి మీదికి పోయింది. మెత్తగా ఉంది వాలు మట్టి, గడ్డివేళ్లతో అల్లుకుని, తడి తడిగా ఉంది. అందులో ఆ మొక్కకి పెట్టేదేమీ లేదు. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

"ఇక్కడ నీకు వంట లేదు నాయనా," అంది మెల్లిగా. "ఎవరో పొరపాటు చిరునామా ఇచ్చారు నీకు."

పీకెయ్యచ్చు. పీకలేదు. పెట్టనూ లేదు. ఆకలిగా ఉన్నదాని పక్కన ఖాళీ చేతులతో అంతసేపు కూర్చోవడం ఆవిడకి అదే మొదలు. చిత్రం ఏమిటంటే, అనుకున్నంత బరువుగా లేదు.

"ఎవరితోనక్కా మాటలు?" అని కేకేశాడు తమ్ముడు బండ మీంచి.

"దూరపు చుట్టంలే. భోజనానికి ఉండట్లేదు," అంటూ మోకాలి మీద చెయ్యేసుకుని లేచింది. ఒక గొర్రె వచ్చి ఆవిడ పాదాల దగ్గర గడ్డి అందుకుంది. ఆవిడ దానికి దారి వదిలి పక్కకి జరిగింది.